పికప్ బానెట్‌కి ఇనుప రాడ్డు బదులు గ్యాస్ షాకర్లు బిగించుకోవడం: పానా పట్టకముందు వేయాల్సిన లెక్కతో సహా

బానెట్ ఎత్తిన ప్రతిసారీ ఒక చేత్తో దాన్ని మోస్తూ, రెండో చేత్తో రాడ్డు కోసం తడుముకోవడం, ఎండాకాలం అయితే ఆ రాడ్డు తగిలి వేళ్లు చురుక్కుమనడం, పికప్ ఉన్న ప్రతివాళ్లకీ తెలిసిన సంగతే. నాది ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్, మన శ్రీసిటీలో తయారయ్యే బండి. ఎంత బరువైనా లాగుతుంది, ఏ గతుకుల్లోనైనా పోతుంది, బానెట్ దగ్గరకొచ్చేసరికి మాత్రం ఒంటి రాడ్డు.

రెండేళ్ల కిందట మంగినపూడి బీచ్ దగ్గర బండి ఆపి వైపర్ నీళ్లు పోస్తున్నాను. సముద్రం గాలి ఒక్కసారిగా బానెట్ కిందికి దూరి దాన్ని జానెడు పైకి లేపింది. రాడ్డు కొస గాడిలోంచి జారిపోయింది. గాలి ఆగగానే బానెట్ వచ్చి నా మోచేతి మీద పడింది. తల వంచి ఉంటే ఏమయ్యేదో అని ఇంటికెళ్లేదాకా అదే ఆలోచన. వారం తిరక్కుండా షాకర్ల వేట మొదలుపెట్టాను.

మొదటిసారి చేసింది తప్పు పని, అదీ చెప్తాను. ఆన్‌లైన్‌లో "అన్ని పికప్‌లకీ సరిపోతుంది" అని రాసి ఉన్న కిట్ తెప్పించి, ఏమీ కొలవకుండా బిగించేశాను. బానెట్ భలే లేచింది. నెల తర్వాత చూస్తే ఎడమ పక్క ఫెండరుకీ (ముందు టైరు మీద ఉండే రేకు) బానెట్‌కీ మధ్య సందు పెరిగింది, కీలు దగ్గర పెయింటు వెంట్రుకవాసి చిట్లింది. షాకర్ల బలం కావాల్సినదానికి దాదాపు రెట్టింపు ఉందని తర్వాత లెక్క వేస్తే తేలింది. బిగించడం గంట పని. ఎంత బలం ఉన్నవి, ఎంత పొడవువి తీసుకోవాలో తేల్చుకోవడమే అసలు పని. అందుకే ఇందులో సగం కొలతల గురించే ఉంటుంది, విసుక్కోకండి.

ముందు ఆ గొట్టంలో ఏముందో

కారు డిక్కీ కొంచెం ఎత్తగానే దానంతటదే లేచి నిలబడుతుంది చూడండి, ఆ పక్కన ఉండే నల్ల గొట్టాలే ఇవి. స్పేర్ పార్టుల షాపులో డిక్కీ షాకర్లు అంటే ఇస్తారు, కొందరు హైడ్రాలిక్ రాడ్లు అంటారు. నిజానికి మోసేది నైట్రోజన్ గ్యాస్. లోపల ఉండే కొద్దిపాటి నూనె సీలును తడిగా ఉంచడానికి, చివర్లో "ధడ్"మనకుండా నెమ్మదిగా ఆగడానికి. గొట్టం మీద 250ఎన్, 350ఎన్ అని అచ్చు వేసి ఉంటుంది, అది న్యూటన్లలో బలం. పదితో భాగిస్తే రమారమి కిలోలు వచ్చేస్తాయి. 250 అంటే 25 కిలోల తోపు.

గొట్టంలోంచి సాగే సన్న రాడ్డు మందం 8 మి.మీ. ఉన్న 250 న్యూటన్ల షాకర్‌లో గ్యాస్ ఒత్తిడి సుమారు 50 బార్ ఉంటుంది, అంటే మీ టైర్లలో గాలికి ఇరవై రెట్లు. కాబట్టి దాన్ని కోయడం, వెల్డింగ్ పెట్టడం, బెజ్జం వేయడం, మంట దగ్గర పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. పాతవి పారేసేటప్పుడు కూడా ఇదే మాట.

వేడికి గ్యాస్ బలం పెరుగుతుంది, చలికి తగ్గుతుంది, ప్రతి 3 డిగ్రీలకీ సుమారు ఒక శాతం. మే నెలలో ఇంజన్ వేడి మీద 20 శాతం దాకా పెరగొచ్చు. లంబసింగిలో జనవరి తెల్లవారుజామున సున్నా దగ్గరైతే 7 శాతం దాకా తగ్గుతుంది. అమెరికాలో టొయోటా టకోమా పికప్ నడిపే మనవాళ్లు ఈ లెక్క ఇంకా గట్టిగా పట్టించుకోవాలి (2016 నుంచి 2023 దాకా వచ్చిన టకోమాలకీ ఒంటి రాడ్డే). మైనస్ 20లో షాకర్ బలం 13, 14 శాతం పడిపోతుంది, వేసవిలో బాగా నిలబడ్డ బానెట్ డిసెంబరులో నెత్తిమీదికి దిగుతుంది.

కొలతలు

కావాల్సిన సామాను: సూట్‌కేసులు తూచే చిన్న డిజిటల్ కాటా, టేపు, పురికొస, ఫోను, పెద్ద అట్టపెట్టె, రెండు గుండుసూదులు. అవును, గుండుసూదులే.

మొదట బరువు. బానెట్ లాచ్ (మూసినప్పుడు పట్టి ఉంచే గొళ్లెం) వదిలించి, రెండో కొక్కెం కూడా తప్పించి, బానెట్ కింద లాచ్ పట్టుకునే ఇనుప కమ్మీకి కాటా కొక్కెం తగిలించి నిలువుగా లాగండి. బానెట్ రబ్బర్ల మీంచి వేలెడు లేచినప్పుడు కాటా ఎంత చూపిస్తుందో రాసుకోండి. బానెట్ మొత్తం బరువు మనకి అక్కర్లేదు, ఈ అంకె చాలు. కీలు నుంచి ఆ కమ్మీ దాకా దూరం సెంటీమీటర్లలో కొలిచి రెండిటినీ గుణించండి. ఉదాహరణకి కాటా 9 కిలోలు చూపించి, దూరం 100 సెం.మీ. ఉంటే 900. దీన్ని బానెట్ భారం అనుకుందాం.

ఇప్పుడు రాడ్డు పెట్టి బానెట్ నిలబెట్టి, ఫోనులో లెవెల్ చూసే యాప్ తెరిచి ఫోనుని బానెట్ మీద ఆనించి ఎన్ని డిగ్రీలు ఉందో చూడండి. 45 డిగ్రీలైతే ఆ భారాన్ని 0.71తో, 50 అయితే 0.64తో, 60 అయితే 0.5తో గుణించాలి. బానెట్ పైకి లేచేకొద్దీ దాని బరువు కీలు మీదికి వెళ్లిపోతుంది, అందుకే భారం తగ్గుతుంది. మన ఉదాహరణలో 50 డిగ్రీలు అనుకుంటే 900 కాస్తా 576 అయింది.

తర్వాత షాకర్ పై కొస, కింది కొస ఎక్కడ వస్తాయో ఆ రెండు చోట్లా పురికొస పట్టి బిగువుగా లాగండి. ఎవరో ఒకరు సాయం ఉండాలి, నాకు మా బావమరిది ఉన్నాడు, వాడికి ఇలాంటి పనులంటే నాకంటే సరదా. కీలు పిన్ను నుంచి ఆ తాడుకి ఎదురుగా, అంటే మూలమట్టంలా అతి దగ్గరి దూరం కొలవండి. 14 సెం.మీ. వచ్చిందనుకోండి. 576ని 14తో భాగిస్తే 41 కిలోలు. రెండు షాకర్లు కాబట్టి ఒక్కోదానికి ఇరవైన్నర కిలోలు, అంటే 205 న్యూటన్లు. చలికీ, గాలికీ, వయసుకీ కలిపి 20 శాతం వేసుకుంటే 246. బజారులో 250 దొరుకుతుంది, అదే మనది.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. మూసినప్పటి లెక్క కూడా చూడాలి. బానెట్ మూసినప్పుడు షాకర్ దాదాపు అడ్డంగా పడుకుంటుంది, కీలు నుంచి దాని గీతకి దూరం 4 సెం.మీ.కి పడిపోయిందనుకోండి. లోపలికి నొక్కినప్పుడు గ్యాస్ ఇంకా బిగుసుకుని బలం 30 శాతం దాకా పెరుగుతుంది. రెండూ కలిపి 25 × 2 × 1.3 × 4, అంటే 260. బానెట్ భారం 900. ఇంకా 640 మిగిలింది కాబట్టి బానెట్ తన బరువుతోనే కిందికి కూర్చుంటుంది, లాచ్ మీద ఒత్తిడి పడదు. ఆ 260 ఏ 800కో చేరిందంటే, ఇంజన్ వేడికి అది 900 దాటుతుంది. అప్పుడు మూసిన బానెట్‌ని ఎప్పుడూ కింద నుంచి పైకి తోస్తూనే ఉంటుంది. పొరపాటున లాచ్ సరిగ్గా పడకపోతే 80 స్పీడులో బానెట్ లేచి అద్దం మీదికి వస్తుంది. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు, లెక్క వేసుకుంటే మీకే కనపడుతుంది.

నా మొదటి కిట్ తీసేశాక, షాకర్ కొసలు తగిలించే బ్రాకెట్లు చేయించడానికి విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. మేస్త్రీ బానెట్ ఒకసారి ఎత్తి దింపి, "నాలుగొందలు వేసేద్దాం సార్, స్ట్రాంగ్‌గా ఉంటది" అన్నాడు. "ఇది వరకు అలాగే వేసి కీలు వంచుకున్నాను మేస్త్రీ, రెండొందల యాభై చాలు" అంటే కీలు దగ్గర చిట్లిన పెయింటు చూసి నవ్వాడు. "మరి ముందే చెప్పాలి కదా, ఇది నాలుగొందల పనే!"

పొడవు తేల్చడానికి అట్టముక్క

షాకర్‌కి రెండు పొడవులు: పూర్తిగా సాగినప్పుడు ఒకటి, పూర్తిగా నొక్కినప్పుడు ఒకటి. బానెట్ మూసి ఉండగా లోపల టేపు పెట్టి కొలవలేం కదా, అందుకు అట్ట. ఫ్రిజ్ పెట్టె లాంటి పెద్ద అట్ట మీద కీలు ఉన్న చోట గుండుసూది గుచ్చండి. ఫెండరు పక్కన కింది బంతి (షాకర్ కొస తగిలించే గుండ్రటి బోల్టు తల) ఎక్కడ వస్తుందో కీలు నుంచి అసలు దూరాలు కొలిచి అక్కడ రెండో సూది. వేరే అట్ట నుంచి ఒక పట్టీ కోసి అదే బానెట్ అనుకుని, దాని మీద పై బంతి చోటు గుర్తుపెట్టి, మొదటి సూదికి గుచ్చి తిప్పండి. మూసినట్టు పెట్టి రెండు బంతుల మధ్య దూరం కొలవండి, తెరిచినట్టు పెట్టి మళ్లీ కొలవండి. పావుగంటలో పిల్లల ఆటలా అయిపోతుంది, కానీ తప్పు షాకర్ కొని వెనక్కి పంపే తలనొప్పి తప్పుతుంది.

మూసినప్పటి దూరం కంటే షాకర్ నొక్కిన పొడవు కనీసం 5 నుంచి 10 మి.మీ. తక్కువ ఉండాలి. లేదంటే బానెట్ లాచ్ దాకా రాకముందే షాకర్ అడ్డం పడుతుంది, మీరు బలంగా కొడితే బ్రాకెట్ వంగుతుంది, లేదా బానెట్ రేకు ఉబ్బుతుంది. తెరిచినప్పుడేమో షాకర్ సాగిన పొడవు దగ్గరే బానెట్ ఆగాలి, కీలు చివరిదాకా వెళ్లి బిగుసుకుపోయి ఆగకూడదు. బానెట్ చేత్తో ఎత్తగలిగినంత ఎత్తి, వెనక అంచు అద్దం కింది ప్లాస్టిక్‌కి తగలడం లేదని చూసుకుని, అప్పటి బంతుల మధ్య దూరానికి ఒక సెంటీమీటరు తగ్గించి సాగిన పొడవు తీసుకోండి.

మీ మోడల్‌కే అని చేసిన కిట్ దొరికితే ఇదంతా వాళ్లే చేసి ఉంటారు. డి-మ్యాక్స్‌కి థాయ్‌లాండ్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ ఇలాంటి కిట్లు మామూలుగా దొరుకుతాయి. ఏ సంవత్సరం మోడల్‌కి అన్నది మాత్రం చూసుకుని తీసుకోండి, బండి ఆకారం మారితే బానెట్ కూడా మారినట్టే. ఉన్న బోల్టులకే బిగిసే కిట్టే తీసుకోండి. ఫెండరుకి బెజ్జాలు వేయమనే కిట్ నాకైతే వద్దు. మన కోస్తా ఉప్పుగాలికి ఆ బెజ్జం అంచు నుంచే తుప్పు మొదలవుతుంది, పైగా వారంటీ దగ్గర వాదన.

ఒక్క షాకరే వచ్చే కిట్లు కూడా ఉన్నాయి. చవక. వాటి జోలికి పోకండి. రాడ్డు ఒక పక్కే ఉంటుంది కదా అంటారు, కానీ రాడ్డు బానెట్ తెరిచినప్పుడే మోస్తుంది, షాకర్ మూసినప్పుడు కూడా రాత్రీపగలూ ఒక పక్కనే తోస్తూ ఉంటుంది.

బ్రాకెట్లు చేయించుకునేవాళ్లు 3 మి.మీ. ఇనుప రేకు ఎల్ ఆకారంలో వంచి చేయించుకోండి, ప్రైమరు కొట్టి పైన నల్ల పెయింటు. బంతి బోల్టులకి నైలాన్ ఉన్న నట్లు వేయండి, మామూలు నట్టు డీజిల్ ఇంజన్ అదురుడికి నిలవదు.

ఇక బిగించడం

ఇంజన్ చల్లబడ్డాక, గాలి లేని చోట, బండి సమంగా నిలిపి మొదలుపెట్టండి. రాడ్డు పెట్టే ఉంచండి, రెండో మనిషి తప్పనిసరి.

బానెట్‌కీ ఫెండరుకీ మధ్య సందు ఎంతుందో రెండు పక్కలా ముందే చూసుకోండి. గేజీలు లేకపోతే పాత ఏటీఎం కార్డులు పేర్చి దూర్చండి. ఒక్కో కార్డు ముప్పావు మిల్లీమీటరు, ఎన్ని పడితే అంత. తర్వాత కీలు చుట్టూ బానెట్ మీద మార్కరుతో సన్నటి గీత గీయండి, చుట్టుపక్కల పెయింటు మీద మాస్కింగ్ టేపు అంటించండి.

పై బ్రాకెట్ సాధారణంగా కీలుని బానెట్‌కి పట్టి ఉంచే బోల్టు కిందే వస్తుంది. ఒక్కో పక్క రెండేసి బోల్టులు ఉంటాయి, ఒకేసారి ఒక్కటే విప్పాలి. రెండూ విప్పారా, బానెట్ జరిగింది, ఇక దాన్ని మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టడానికి టింకరింగ్ షాపుకి వెళ్లాల్సిందే. ఒకటి తీసి, బ్రాకెట్ పెట్టి, బోల్టు చేత్తో తిప్పి, గీత కదల్లేదని చూసి బిగించండి. బ్రాకెట్ మందం వల్ల బోల్టు పట్టు తగ్గితే, అదే గ్రేడులో కొంచెం పొడుగు బోల్టు వేయాలి. కనీసం బోల్టు మందమంత మర లోపలికి దిగాలి.

కింది బ్రాకెట్ ఫెండరు పై అంచు వెంట ఉండే బోల్టుకి వస్తుంది. అక్కడ వైరింగ్, బ్రేకు గొట్టాలు దగ్గర్లో ఉంటాయి, బ్రాకెట్ దేనికీ రాసుకోకూడదు. బిగింపు విషయానికొస్తే, ఎం6 (6 మి.మీ. మందం) బోల్టుకి 8 నుంచి 10, ఎం8 బోల్టుకి 20 నుంచి 22 న్యూటన్ మీటర్లు సాధారణంగా సరిపోతాయి. బండి మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే వేదం. బిగింపు కొలిచే టార్క్ పానా లేకపోతే చిన్న రాచెట్‌తో, మణికట్టు బలంతో చాలు, భుజం బలం వాడకండి. ఎం6 తెగిందంటే ఆ రోజంతా దానికే.

షాకర్ తగిలించేటప్పుడు లావు గొట్టం పైకి, సన్న రాడ్డు కిందికి. ఇది మర్చిపోకండి. రాడ్డు కిందికి ఉంటేనే లోపలి నూనె సీలు దగ్గర ఉండి దాన్ని తడుపుతుంది. తిరగేసి పెట్టినా బానెట్ లేస్తుంది, సీలు మాత్రం ఎండి తొందరగా లీకవుతుంది. బంతి మీద కాస్త గ్రీజు రాసి, షాకర్ కొసన ఉన్న స్ప్రింగు క్లిప్పుని సన్న స్క్రూడ్రైవరుతో కొంచెం లేపి బంతి మీదికి తొయ్యండి, తర్వాత క్లిప్పు నొక్కండి. ప్లాస్టిక్ కొస అయితే "టక్"మని పడుతుంది. ఆ చప్పుడు రాకపోతే పడనట్టే, చేత్తో లాగి చూడండి. మెరిసే రాడ్డుని ప్లయర్‌తో పట్టుకోవద్దు, ఒక్క గీత పడ్డా సీలు కోసుకుపోతుంది.

రెండు పక్కలా అయ్యాక బానెట్ ఇద్దరూ పట్టుకుని రాడ్డు తీయండి. మెల్లగా చేతులు వదలండి. నిలబడింది కదా అని వెంటనే మూసేయకండి.

మూయబోయే ముందు చపాతీ పిండి

ఇది మా ఇంట్లో నవ్వులపాలైన పని, కానీ ఇంతకంటే మంచి పద్ధతి నాకు దొరకలేదు. చపాతీ పిండి నిమ్మకాయంత ఉండలు చేసి, పలచటి ప్లాస్టిక్ కవరులో చుట్టి, షాకర్ మీద, కింది బ్రాకెట్ మీద, ఫెండరు అంచుకి దగ్గరగా వచ్చే చోట్ల పెట్టండి. బానెట్ చేత్తో పట్టుకుని అంగుళం అంగుళం దింపండి, ఎక్కడైనా గట్టిగా తగిలినట్టు అనిపిస్తే ఆగిపోండి. రబ్బర్ల దాకా దిగాక మళ్లీ ఎత్తి పిండి ఎంత పలచబడిందో చూడండి. 5 మి.మీ. కంటే మందం మిగిలితే సరే. నాకు కుడి పక్క ఉండ అప్పడంలా అయిపోయింది, బానెట్ లోపలి పక్కటెముకకి షాకర్ కొస తగులుతోంది. బ్రాకెట్ కింద ఒక వాషరు వేస్తే సరిపోయింది.

అంతా ఖాళీగా ఉందనుకున్నాక లాచ్ పడేలా మూయండి. ఇదివరకు అడుగు ఎత్తు నుంచి వదిలేస్తే పడేది, ఇప్పుడు షాకర్లు ఆపుతాయి కాబట్టి కొంచెం ఇంకా ఎత్తు నుంచి వదలాలి, లేదా లాచ్‌కి సరిగ్గా పైన రెండు అరచేతులతో నొక్కాలి. రేకు మధ్యలో నొక్కితే సొట్ట పడుతుంది.

తర్వాత లోపలి నుంచి బానెట్ లీవరు లాగండి. బానెట్ కొంచెం లేచి రెండో కొక్కెం దగ్గర ఆగాలి. ఆగకుండా ఎగిసిందంటే బలం ఎక్కువైంది, బండి రోడ్డెక్కించకండి. ఏటీఎం కార్డులతో సందులు మళ్లీ కొలవండి, ముందు ఎన్ని పట్టాయో ఇప్పుడూ అన్నే పట్టాలి.

వారం తర్వాత ఒకసారి, నెలకి ఒకసారి బోల్టులు చూసుకోండి. కడిగేటప్పుడు ప్రెషర్ నీళ్లు నేరుగా సీలు మీద కొట్టకండి. బానెట్ తనంతట తాను కొంచెం కొంచెంగా దిగుతున్నా, షాకర్ రాడ్డు మీద నూనె జిడ్డు కనపడినా, రెండూ కలిపి మార్చేయాలి, ఒక్కటి మార్చితే బానెట్ మెలితిరుగుతుంది.

పాత ఇనుప రాడ్డు తీసి పారేయమని చాలామంది చెప్తారు. నేను తీయలేదు, దాని క్లిప్పులో అలాగే ఉంది. షాకర్ గ్యాస్ పోయిన రోజున నడిరోడ్డు మీద దాని విలువ తెలుస్తుంది. ఇంకోటి, గొట్టం మీద అచ్చు ఇంజన్ వేడికి ఏడాదిలో చెరిగిపోతుంది. బలం ఎన్ని న్యూటన్లో, సాగినప్పుడు, నొక్కినప్పుడు పొడవెంతో బానెట్ లోపలి వైపు ఒక మూల పర్మనెంట్ మార్కరుతో రాసిపెట్టుకోండి. నాది బ్యాటరీకి పైన రాసి ఉంది, పక్కన మా బావమరిది ఒక చపాతీ బొమ్మ కూడా వేశాడు.